మిక్సీ విప్పుతుంటే వింత స్క్రూ ఎదురైందా? గుర్తుపట్టడం, విప్పడం, మళ్లీ బిగించడం

మిక్సీని బోర్లించి చూస్తే అడుగున నాలుగు లోతైన గుంటలు ఉంటాయి. మూడింట్లో మామూలు ప్లస్ స్క్రూలు, నాలుగోదాంట్లో మాత్రం మూడు మూలల గుంట, లేకపోతే నక్షత్రం, మధ్యలో చిన్న బుడిపె. చేతికందిన టెస్టర్ దూర్చి తిప్పేస్తారు. తల అరిగిపోతుంది. అప్పటిదాకా పది నిమిషాల పనిగా ఉన్నది అరపూట పనవుతుంది.

నష్టమంతా దాదాపు మొదటి పావు చుట్టులోనే జరుగుతుంది. సరిపోని బిట్ (స్క్రూడ్రైవర్‌కు అమర్చే మొన) పెట్టడం ఒక కారణం, తప్పు దిక్కుకు తిప్పడం ఇంకో కారణం. అందుకే ఈ మార్గదర్శిలో విప్పడం కంటే విప్పేముందు చేయాల్సిన పనే ఎక్కువ కనిపిస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా మిక్సీవే. కెటిల్, ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, వాషింగ్ మెషీన్‌లకూ పద్ధతి ఇదే.

ముందుగా కరెంటు సంగతి

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకి కంటికి కనిపించేలా పక్కన పెట్టుకోండి. తిరిగే భాగాన్ని విప్పాలంటే మాత్రం, మోటారు ఎటు తిరుగుతుందో (అడుగు 5) ప్లగ్ పీకకముందే చూసుకోండి. మన ఇళ్ల 230 వోల్టుల ఏసీ గరిష్ఠంగా 325 వోల్టుల దాకా వెళ్తుంది. ఇండక్షన్ స్టవ్ లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ఆ స్థాయి డీసీ కొంతసేపు నిలిచి ఉండొచ్చు. పదిహేను నిమిషాలు ఆగి, కెపాసిటర్ కాళ్ల మధ్య మల్టీమీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులోని కెపాసిటర్ సుమారు రెండు వేల వోల్టుల మీద పనిచేస్తుంది. దాని స్క్రూలు విప్పడం చేతనైనంత మాత్రాన దాన్ని తెరవొచ్చని కాదు.

వారంటీ ఉన్న వస్తువైతే స్క్రూ మీది సీలు చింపేముందు ఒకసారి ఆలోచించుకోండి.

అడుగు 1: తల శుభ్రం చేసి చూడండి

మిక్సీ అడుగు గుంటల్లో పసుపు, పిండి, నూనె కలిసి గట్టిగా పట్టేస్తాయి. చీపురు పుల్లతో గీకి, ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి తుడవండి. చూడకుండా ఏ బిట్టూ దూర్చొద్దు. మధ్యలో బుడిపెలా కనిపించేది ఒక్కోసారి గట్టిపడిన మురికే అవుతుంది. పిన్నీసుతో తాకి చూడండి: విరిగి రాలితే మురికి, లోహపు చప్పుడు వస్తే నిజమైన బుడిపె.

గుంట లోతుగా ఉండి తల కనబడకపోతే ఫోన్ టార్చ్ వేసి వీడియో తీసి, పెద్దది చేసి చూడండి. ఇంకా తేలకపోతే ఓ వంటింటి చిట్కా ఉంది. గట్టిగా కలిపిన చపాతీ పిండిని శనగగింజంత తీసుకుని, పెన్ను వెనక కొసకు అంటించి, పైన చుక్క నూనె రాసి స్క్రూ తల మీద నొక్కి తీయండి. తల ఆకారం అచ్చు పడుతుంది. స్కేలుతోనో వెర్నియర్‌తోనో దాన్ని కొలవొచ్చు. పిండి వదులుగా ఉంటే లోపలే అతుక్కుపోతుంది కాబట్టి గట్టిగా కలపండి.

అడుగు 2: ఏ తలో తేల్చండి

ఇక్కడ తొందరపడొద్దు.

ప్లస్ తలలన్నీ ఒకటి కావు. మామూలు ఫిలిప్స్ తలకు నాలుగు చేతులే ఉంటాయి. పోజీడ్రైవ్ తలలో ఆ నాలుగింటి మధ్య సన్నని గీతలు మరో నాలుగు కనిపిస్తాయి. దానికి ఫిలిప్స్ బిట్ పెడితే పైపైన పట్టుకుని జారిపోతుంది. జపాన్ ప్రమాణంలో చేసిన తలల మీద ఒక పక్కన చిన్న చుక్క గుంట ఉంటుంది. వీటికి జేఐఎస్ బిట్ కావాలి. సైజులో గృహోపకరణాల మీద ఎక్కువగా కనబడేది పీహెచ్2 (పీహెచ్ అంటే ఫిలిప్స్). చిన్నవాటికి పీహెచ్1, సర్క్యూట్ బోర్డుల దగ్గర పీహెచ్0. బిట్‌ను తలలో నిలబెట్టి చెయ్యి తీసేయండి. ఊగకుండా నిలబడితే సైజు సరైనది. ఇటూ అటూ ఆడితే ఒక సైజు పెద్దది చూడండి. పీహెచ్2 తలను పీహెచ్1 తోనూ తిప్పొచ్చు కానీ, బిగిసిన స్క్రూ అయితే తల గుండ్రంగా అరుగుతుంది.

ఆరు చేతుల నక్షత్రం టార్క్స్. కొసలు గుండ్రంగా ఉంటాయి. ఆరు మూలలతో, అంచులు తిన్నగా ఉంటే అది ఎలెన్ కీ తల. రెండింటికీ లెక్క ఆరే కావడంతో చాలామంది పొరబడి ఒకదాని కీ రెండోదాంట్లో కొడతారు. టార్క్స్‌ను ఎదురెదురు కొసల మధ్య కొలిస్తే టీ10 సుమారు 2.7 మిల్లీమీటర్లు, టీ15 3.3, టీ20 3.9, టీ25 4.4. రెండు సైజుల మధ్య తేడా అర మిల్లీమీటరు చిల్లరే, కాబట్టి కంటి అంచనా పనికిరాదు. వదులుగా పట్టే టీ15 కంటే బిగుతుగా దిగే టీ20 మేలు. అన్నట్టు, మన హార్డ్‌వేర్ కొట్లలో "స్టార్ స్క్రూడ్రైవర్" అంటే ప్లస్‌దే ఇస్తారు. టార్క్స్ కావాలంటే ఆ పేరుతోనే అడగాలి, లేదా ఫోటో చూపించాలి.

నక్షత్రం మధ్యలో లోహపు బుడిపె ఉంటే అది సెక్యూరిటీ టార్క్స్. దీని బిట్‌కు మధ్యలో రంధ్రం ఉంటుంది. రంధ్రం ఉన్న బిట్ మామూలు టార్క్స్‌కూ పనిచేస్తుంది కాబట్టి కొనేటప్పుడు ఇదే కొనడం లాభం. ఎలెన్ తలల్లోనూ ఇలా బుడిపె ఉన్నవి దొరుకుతాయి.

మూడు మూలల గుంట కెటిళ్ల అడుగున, కొన్ని మిక్సీల్లో, పిల్లల బొమ్మల్లో వస్తుంది. బిట్ సెట్లలో 2.0, 2.3, 2.7 లాంటి అంకెలతో ఉంటుంది. ఇంగ్లీషు వై ఆకారంలో మూడు రెక్కలుంటే ట్రై-వింగ్. త్రిభుజానికి, దీనికి పొత్తు లేదు. రెండు గుండ్రటి చుక్క గుంటలే ఉంటే పాముకళ్ల తల అంటారు. దీనికి రెండు మొనలున్న బిట్ కావాలి. ఇక వన్-వే తల ఒకటుంది. చూడ్డానికి మైనస్ లాగే ఉంటుంది. బిగించే వైపు మాత్రమే అంచు ఉండి, విప్పే వైపు వాలుగా జారిపోతుంది. బిట్‌తో విప్పనివ్వకూడదనే దాన్ని అలా చేశారు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన వస్తువుల మీద ఆరు పలకల తలలు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు ఉండటం మామూలు. 6 పాన ఎక్కదు, 7 పాన తల మూలలు అరగదీస్తుంది. బిట్ హోల్డర్ రంధ్రం కూడా 6.35 కాబట్టి ఖాళీ హోల్డర్‌నే పానలా తొడిగి తిప్పొచ్చు. ఎలెన్‌లోనూ అంగుళాల గొడవ ఉంది. 5/32 అంగుళాల దానికి 4 మిల్లీమీటర్ల కీ దాదాపు సరిపోతుంది. 3/16 దానికి 5 దిగదు, 4.5 ఆడుతుంది. దానికి అంగుళాల కీయే తేవాలి.

అడుగు 3: దొరకని స్క్రూలు వెతకండి

కనిపించినవన్నీ విప్పినా మూత రావడం లేదంటే ఎక్కడో ఒకటి దాగి ఉంది. మూడు చోట్లు చూడండి. రబ్బరు కాళ్ల కింద (పీకితే వస్తాయి, అంటించినవైతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేయండి). రేటింగ్ స్టిక్కర్ కింద (బొటనవేలితో రుద్దితే గుంట చేతికి తగులుతుంది). స్పీడ్ నాబ్ వెనక (చాలావరకు తిన్నగా పైకి లాగితే ఊడుతుంది, కొన్నింటికి పక్కన తల లేని చిన్న ఎలెన్ గ్రబ్ స్క్రూ ఉంటుంది).

స్క్రూలేవీ మిగలకపోయినా కదలకపోతే లోపల ప్లాస్టిక్ కొక్కేలున్నాయి. పాత ఏటీఎం కార్డును అతుకు సందులోకి దూర్చి అంచు వెంబడి నడిపించండి. ఆగిన చోట కొక్కెం ఉంటుంది. అక్కడ కార్డును లోపలి వైపు నొక్కుతూ మూతను ఎత్తితే టక్కుమని విడుతుంది. స్క్రూడ్రైవర్‌తో సందులో మీటితే అంచు విరుగుతుంది, కొక్కెం తెగుతుంది.

అడుగు 4: పనిముట్టు

మిక్సీ గుంటల దగ్గర చాలా బిట్ సెట్లు ఓడిపోయేది ఆకారంలో కాదు, పొడవులో. సెట్‌లోని 25 మిల్లీమీటర్ల బిట్ తల దాకా అందదు. హోల్డర్ లావు కావడంతో గుంటలో దిగదు. కనీసం 75 లేదా 100 మిల్లీమీటర్ల పొడవు బిట్, లేదా సన్నటి కాడ ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకోండి. బిట్ కాడ కొలత కూడా చూసుకోవాలి. మామూలువి 6.35 మిల్లీమీటర్లు, ఫోన్ రిపేరు సెట్లవి 4 మిల్లీమీటర్లు. ఆ సన్న సెట్‌తో మిక్సీ స్క్రూ తిప్పితే ముందు బిట్ మెలితిరుగుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని పనిముట్ల కొట్లలో ఇలాంటి బిట్లు విడిగా దొరుకుతాయి.

చేతిలో సరైన బిట్ లేనప్పుడు కొన్ని దారులున్నాయి. త్రిభుజానికి ఒక భుజం పొడవున కచ్చితంగా దిగే చిన్న మైనస్ బ్లేడు చాలు. స్క్రూ మరీ బిగుసుకుని ఉంటే అది పనిచేయదు. పాముకళ్లకు పాత మైనస్ స్క్రూడ్రైవర్ మధ్యలో ఆకురాయితో గాడి కోస్తే రెండు మొనలు మిగులుతాయి. బుడిపె ఉన్న టార్క్స్‌లో బుడిపెకు, నక్షత్రం చేతికి మధ్య సందులో సన్న మైనస్ దిగుతుంది. బుడిపెను సుత్తితో విరగ్గొట్టొచ్చని చెబుతుంటారు. విరిగేది బుడిపో, స్క్రూ దిగే ప్లాస్టిక్ గూడో ముందుగా తెలియదు కాబట్టి మేం వద్దంటాం.

అడుగు 5: తిప్పే దిక్కు, మిక్సీలో అసలు చిక్కు ఇదే

మిక్సీ బయటి తొడుగుకు పట్టిన స్క్రూలన్నీ మామూలువే: ఎదురుగా చూస్తూ ఎడమకు తిప్పితే ఊడతాయి. తిరిగే భాగాల దగ్గర ఇది చెల్లదు. మోటారు తిరుగుతున్నకొద్దీ వదులవకుండా, ఇంకా బిగుసుకునేలా మర (స్క్రూ మీది మెలి గీతల) దిక్కు ఎంచుతారు. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: షాఫ్ట్‌ను (మోటారు ఇరుసును) పట్టుకుని, దానిమీద కూర్చున్న భాగాన్ని మోటారు తిరిగే దిక్కుకే తిప్పితే ఊడుతుంది.

కాబట్టి ముందు దిక్కు తెలుసుకోవాలి. ప్లగ్ పీకకముందే, చెయ్యి దూరంగా ఉంచి, మిక్సీని ఒక్క క్షణం తిప్పి ఆపి, కప్లర్ (జార్‌ను తిప్పే పళ్ల బిళ్ల) ఆగబోయేటప్పుడు పైనుంచి చూడండి. జార్ లేనిదే తిరగని మోడల్ అయితే బ్లేడు పదును అంచు ఎటు చూస్తుందో అదే దిక్కు. పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే మోటారైతే కప్లర్‌నూ గడియారం ముల్లులాగే, అంటే మనం బిగించేవైపు అనుకునే దిక్కుకే తిప్పాలి. అలవాటుగా ఎడమకు బలం పెట్టేవాళ్లు కప్లర్‌ను ఇంకా బిగించి, చివరికి దాని రబ్బరు పళ్లు చీల్చుకుంటారు.

షాఫ్ట్‌ను ఎక్కడ పట్టుకోవాలి? చాలా మోటార్లలో అడుగు మూత తీస్తే షాఫ్ట్ కింది కొసలో మైనస్ గాడి ఉంటుంది. అందులో వెడల్పు స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకుని పైన కప్లర్‌ను ప్లేయర్‌తో (పటకారుతో) తిప్పండి. గాడి లేకపోతే మోటారును చల్లబరిచే ఫ్యాను మొదట్లో గుడ్డ చుట్టి చేత్తో పట్టుకోండి. ఫ్యాను రెక్కల మధ్య కడ్డీ పెడితే రెక్క విరుగుతుంది, వైండింగ్ (మోటారు తీగచుట్టలు) వైపు పెడితే మోటారే పోతుంది. కప్లర్ ఊడాక కింద ఉన్న వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. వరస మారితే కప్లర్ ఎత్తు మారి, జార్ సరిగ్గా కూర్చోదు.

జార్ అడుగు కప్లర్ దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ కప్లరే స్పిండిల్‌ను (బ్లేడు కడ్డీని) తిప్పుతుంది కాబట్టి మోటారు దిక్కుకు బిగుసుకుంటుంది, ఎదురు దిక్కుకు ఊడుతుంది. జార్‌ను బోర్లిస్తే మన చూపూ తిరగబడుతుంది గనక, చేతికి మాత్రం తేడా ఉండదు: మోటారు కప్లర్‌ను ఎటు తిప్పి విప్పారో, జార్ కప్లర్‌నూ ఎదురుగా చూస్తూ అటే తిప్పండి. లోపల బ్లేడును మందపాటి గుడ్డతో పట్టుకోవాలి. బ్లేడు కూడా మర మీదే బిగించి ఉన్న జార్లలో, రెండింట్లో వదులుగా ఉన్నది ముందు ఊడొచ్చు. అది తప్పేం కాదు, రెండోదాన్ని తర్వాత చూసుకోవచ్చు.

టేబుల్ ఫ్యానుదీ ఇదే సూత్రం. రెక్కల ముందు ప్లాస్టిక్ నట్టు సాధారణంగా గడియారం ముల్లు వైపు తిప్పితే ఊడుతుంది. దాని వెనక జాలీని పట్టిన నట్టు తిరిగే భాగం కాదు, అది మామూలుగానే ఎడమకు ఊడుతుంది. మర బయటికి కనిపించే చోట ఇంకో గుర్తు ఉంది. నిలువుగా పట్టుకుని చూస్తే గీతలు కుడివైపుకు పైకెక్కుతుంటే మామూలు మర, ఎడమవైపుకు ఎక్కుతుంటే ఎడమ మర.

అడుగు 6: మొదటి పావు చుట్టు

బిట్ స్క్రూకు తిన్నగా ఉండాలి. బలంలో ముప్పావు వంతు కిందికి నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. చిన్న టక్ వినిపిస్తే పట్టు వదిలినట్టు. అప్పుడు విప్పండి. బిట్ జారుతున్నట్టు అనిపిస్తే ఆగిపోండి. రెండోసారి జారితే తల సగం పోయినట్టే.

కదలకపోతే కారణం చూడాలి. తుప్పయితే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి. పుల్ల కొసతో తల అంచున మాత్రమే వేయండి. ఈ నూనెలు కొన్ని ప్లాస్టిక్‌లను పగిలేలా చేస్తాయి. మర చివర నీలం లేదా ఎరుపు పొర కనిపిస్తే అది మరలకు వేసే జిగురు. నీలం చేతి బలానికి లొంగుతుంది. ఎరుపుకు సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద అర నిమిషం ఆనించి వెంటనే తిప్పండి. లోహంలోకి దిగిన స్క్రూకే ఈ వైద్యం. ప్లాస్టిక్‌లోకి దిగినదాన్ని వేడిచేస్తే గూడు కరుగుతుంది.

తల అరిగిపోతే

సుళువైనదాంతో మొదలుపెట్టండి. వెడల్పు రబ్బరు బ్యాండును తల మీద పరిచి దానిపై బిట్ నొక్కి తిప్పండి. ఇంకా బాగా పట్టేది వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్. మోటారు వాహనాల విడిభాగాల కొట్లో దొరుకుతుంది. బిట్ మొనకు కాస్త రాస్తే అందులోని గరుకు పట్టు ఇస్తుంది. తల బయటికి ఉంటే హాక్సా బ్లేడుతో గాడి కోసి మైనస్ పెట్టండి. వన్-వే తలకూ ఇదే మందు. చివరి దారి డ్రిల్లు: 4 మిల్లీమీటర్ల స్క్రూ అయితే 4 మిల్లీమీటర్ల బిట్‌తోనే, తల ఊడేదాకా మాత్రమే నెమ్మదిగా తొలచండి. మూత తీశాక మిగిలిన మొండాన్ని ప్లేయర్‌తో పట్టి తిప్పితే వస్తుంది. డ్రిల్లు పెట్టేముందు మోటారు వైపు గుడ్డ కప్పండి. లోహపు పొడి వైండింగ్‌లో పడితే రిపేరు రెండింతలవుతుంది.

స్క్రూ కాని బిగింపులు

షాఫ్ట్ గాడిలో కూర్చునే సర్‌క్లిప్‌కు రెండు చెవుల్లో రంధ్రాలుంటాయి. దానికి సర్‌క్లిప్ ప్లేయర్ కావాలి, నోస్ ప్లేయర్‌తో కొసలు జారతాయి. ఇంగ్లీషు అక్షరం 'E' ఆకారపు క్లిప్‌ను వెనకనుంచి చిన్న మైనస్‌తో తోస్తే ఎగిరిపోతుంది. చేతిని, వస్తువును కలిపి పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీస్తే సంచిలోనే పడుతుంది. పళ్లతో షాఫ్ట్‌ను కరిచి పట్టే వాషర్‌ను ఒకసారి తీస్తే పారేయాల్సిందే, కొత్తది ముందే కొనుక్కోండి. పాప్ రివిట్ అయితే తలను అదే సైజు బిట్‌తో తొలచాలి. ఎక్కువగా కనిపించేవి 3.2, 4.0, 4.8 మిల్లీమీటర్లవి. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్ మూతకు ఉన్న మైనస్ గాడి బేకలైట్‌ది (పెళుసైన ప్లాస్టిక్). సన్న బ్లేడు పెడితే గాడి పెచ్చులూడుతుంది, గాడి నిండా పట్టే వెడల్పు బ్లేడు పెట్టండి. మూత వెనక స్ప్రింగ్ ఉంది, వేలు అడ్డం పెట్టి వదలండి.

తిరిగి బిగించేటప్పుడు

విప్పేటప్పుడే అట్టముక్క మీద వస్తువు అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచండి. పొడవులు ఒకేలా కనిపించినా ఉండవు. పొట్టిదాని చోట పొడుగుది దిగితే గూడు పగలొచ్చు, లేదా కొస వైండింగ్‌ను తాకొచ్చు.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. మొదటి మర పాత గాడి అంచు దాటి టప్పున కిందికి దిగిన చోట ఆగి, అక్కడినుంచి బిగించండి. నేరుగా బిగిస్తే కొత్త గాడి కోసుకుంటుంది, రెండు మూడు సార్లకే గూడు వదులవుతుంది. డ్రిల్లు మెషీన్‌తో బిగించొద్దు. తల ఆనాక చేత్తో ఇంకో ఎనిమిదో వంతు చుట్టు చాలు.

ఎర్త్ తీగ రింగు కింద పళ్ల వాషర్ ఉంటే దాన్ని తప్పక అక్కడే పెట్టండి. అది పెయింటును కోసి లోహాన్ని తాకేలా చేస్తుంది. మామూలు వాషర్ పెడితే తీగ కలిసినట్టే కనిపించి, ఎర్త్ మాత్రం అందకపోవచ్చు. ప్లగ్ ఎర్త్ పిన్నుకు, మోటారు లోహపు భాగానికి మధ్య మల్టీమీటరులో ఒక ఓం లోపే చూపాలి.

నేరుగా ప్లగ్ పెట్టకుండా, ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు బోర్డు ద్వారా ముందు చూడండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వరసలో ఉంచి స్విచ్ వేస్తే, బల్బు కాస్త వెలిగి మోటారు మెల్లగా కదలాలి. బల్బు పూర్తి కాంతితో వెలిగి మోటారు కదలకపోతే ఎక్కడో షార్ట్ ఉందనుకోవాలి. అప్పుడు మొదట చూడాల్సింది ఏ స్క్రూ కింద తీగ నలిగిందో.